కన్నడ అక్షరాల హిందీ

పదో తరగతి హిందీ పరీక్ష రాసి వచ్చిన సాయంత్రమే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచుకున్నాను. నీళ్ళు బాగానే కాగాయి. ఆ పుస్తకం వల్ల నాకు జరిగిన మేలు అదొక్కటే అని ఇరవై ఏళ్ళపాటు అందరికీ చెప్పి నవ్వించాను.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మధ్యలో ఈ మూడో భాష ఎందుకో సరిహద్దులోని మా రాయల్పాడు పిల్లలెవరికీ అర్థం కాలేదు. హిందీ జవాబుల్ని కన్నడ అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టేవాళ్ళం. ఆవు మీద ఐదు వాక్యాలు, జ్వరమొచ్చిందని హెడ్మాస్టరుకు సెలవు చీటీ, ఈ రెండూ వస్తే పాస్. హిందీ మేష్ట్రు బదరీనాథ్ సారు మా నోటుబుక్కుల్లో కన్నడ అక్షరాలు కనిపిస్తే ఆ పేజీలు చించేసేవారు. ఆయన కొంచెం కుంటుతూ నడిచేవారు. ఆ నడకను వెనకనుంచి వెక్కిరించేవాళ్ళం. అందరికంటే బాగా వెక్కిరించేదాన్ని నేనే.

పక్క ఊరికే కోడలినయ్యాను. ఇప్పుడు ఆ ఊరి డెయిరీలో పాలు పరీక్ష చేసి, కొలిచి, చీటీ ఇచ్చే పని నాది. పోయిన అక్టోబరులో ఒక పొద్దున మా తోటికోడలు నేత్రావతి వరసలో అందరికంటే ముందు నిలబడింది. అప్పుడే పితికిన పాలు, నురగ కూడా అణగలేదు. బయట పాల బండి హారన్ కొడుతోంది. లాక్టోమీటరు వదిలితే డిగ్రీ తక్కువ చూపించింది. నాకసలే ముక్కు మీద కోపం.

"నీళ్ళు కలిపి తెచ్చినావక్కా. ఇంటి మనిషివని వదిలేస్తానని అనుకుంటివా?" అని ముప్పై మంది ముందర క్యాను వెనక్కి తోశాను.

నేత్రావతి క్యాను ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మరుసటి రోజు మా ఆవు పాలు పితికి వెచ్చగా ఉండగానే పరీక్ష చేస్తే సరిగ్గా అదే డిగ్రీ. చల్లారాక చూస్తే బాగానే ఉంది. పితికిన వెంటనే చూస్తే తక్కువ చూపిస్తుందని ట్రైనింగులో చెప్పారు, తొందరలో మరిచిపోయాను. తప్పు నాదే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే రేపటినుంచి నా పరీక్షను ఎవరు నమ్ముతారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి అది సిగ్గు, అంతే.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి తగ్గ ఊరే దొరికింది. అందరూ నేత్రావతి పక్షం. పొద్దున ముప్పై మంది, సాయంత్రం ముప్పై మంది నా ముందు నిలబడి పాలు పోసి చీటీ తీసుకుని పోతారు, ఒక్కరూ పలకరు. నేత్రావతి అందరూ పోయాక చివర్లో వస్తుంది, ఆమె కూడా అంతే. మా ఆయన సోమశేఖర్ ముళబాగిలులో టమోటా లారీ తోలతాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. మిగతా రోజులు ఆవుతో మాట్లాడేదాన్ని. దానికీ నామీద పెద్ద ప్రేమ ఉన్నట్టు లేదు.

జనవరిలో ఊరి బయట ఇటుకల బట్టీకి బీహారు నుంచి కూలీలు వచ్చారు. వాళ్ళలో లాల్మునీ అనే ఆమె రోజూ సాయంత్రం బిడ్డకు అర లీటరు పాలకోసం డెయిరీకి వచ్చేది. మొదటి రోజు ఆమె చెంబు చాపగానే నా నోట్లోంచి "తుమ్హారా నామ్ క్యా హై?" అని ఊడిపడింది. నీ పేరేమిటని. మొదటి పాఠంలో మొదటి వాక్యం. ఆమె ముఖం విప్పారింది. ఆమెతో కూడా ఈ ఊళ్ళో ఎవరూ మాట్లాడటం లేదని అప్పుడు తెలిసింది.

మూడు రోజుల్లో నా హిందీ అయిపోయింది. నాలుగో రోజు ఏం తోచక ఆవు మీద ఐదు వాక్యాలూ అప్పజెప్పాను. ఆవుకు నాలుగు కాళ్ళుంటాయని నేను చెప్తుంటే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికి పోతూ దారిలో ఏడ్చాను.

ఆ వారమే శ్రీనివాసపురం పోయి పదో తరగతి హిందీ గైడు కొన్నాను. "పాపకా అక్కా?" అన్నాడు అంగడతను. అవునన్నాను. నాకు పిల్లలు లేరు.

పరీక్షకు కూడా అంత చదవలేదు. ఒకప్పుడు చూస్తేనే తలనొప్పి వచ్చిన మాటల్ని పాలు పితుకుతూ, గడ్డి కోస్తూ వల్లె వేసేదాన్ని. లాల్మునీ తన అమ్మ గురించి, వాళ్ళ ఊళ్ళో పొంగే ఏటి గురించి చెప్పేది. సగం అర్థమయ్యేది. ఆ సగంతోనే నాకు రోజు గడిచేది.

మే వచ్చింది. వానలు మొదలైతే బట్టీ ఆపేస్తారు, వాళ్ళు వెళ్ళిపోతారు. లాల్మునీ పోకముందు ఆమెకు నేత్రావతి సంగతి చెప్పేయాలి. ఒక్క మనిషికైనా చెప్పకపోతే నా మనసు కుదుటపడేట్టు లేదు. గైడులో సెలవు అడిగే ఉత్తరం ఉంది కానీ, తప్పు ఒప్పుకునే ఉత్తరం లేదు.

బదరీనాథ్ సారు ఆండర్సన్‌పేటలో ఒంటరిగా ఉంటున్నారని విని బస్సెక్కాను. ఫలానా బ్యాచి పుష్పావతినని చెప్పినా గుర్తుపట్టలేదు. హిందీ నేర్చుకునేకి వచ్చినానంటే మాత్రం లేచి, కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశారు.

"రిటైరయి తొమ్మిదేండ్లాయమ్మా. హిందీ కావల్లని ఈ వాకిలి తొక్కింది నువ్వొక్కదానివే" అన్నారు.

హిందీలో ఏం చెప్పాలనుకున్నానో చెప్పాను. తప్పు నాది, తెలిసి కూడా దాచినాను. ఆయన కాగితం తీసుకుని రాసి ఇచ్చారు. చూస్తే కన్నడ అక్షరాల్లో హిందీ. ఆశ్చర్యంగా ఆయన వైపు చూశాను.

"నీకు ఏది సులువో అదే. అప్పుడు నాకు తెలీలేదు" అన్నారు. తర్వాత, "ఇది ఎవరికి చెప్పల్ల?"

"ఇటుకల బట్టీ ఆమెకి సార్. బీహారామె."

"ఆమెకి నువ్వేం చేసినావు?"

"ఆమెకేం చెయ్యలేదు సార్. మా తోటికోడలికి చేసినాను."

"తోటికోడలికి హిందీ వస్తాదా?"

"యాడిది సార్. తెలుగే."

ఆయన పెన్ను మూత పెట్టారు. "హిందీకి భయపడి పారిపోయేటోళ్ళనే సర్వీసంతా చూసినాను. తెలుగుకి భయపడి హిందీలోకి వచ్చినదాన్ని నిన్నే చూస్తావుండాను."

వాకిలి దాకా వచ్చి సాగనంపారు. ఆ నడకను ఎన్నిసార్లు వెక్కిరించానో గుర్తొచ్చి నేను తల ఎత్తలేదు.

మరునాడు సాయంత్రం లాల్మునీకి చెప్పాను. కాగితం చూసి కొంత, చేతులతో కొంత. ఆమె నవ్వకుండా చివరిదాకా వింది. "ఉసీసే కహో న, దీదీ" అంది. ఆమెకే చెప్పరాదా అక్కా అని. నాలుగు రోజులకు వాన పడింది. వాళ్ళ సామాను ట్రాక్టరెక్కింది. ఆ సాయంత్రం ఆరున్నరకు చెంబు చాపే చెయ్యి లేదు. డెయిరీ తలుపు మూయడానికి కూడా నాకు బుద్ధి పుట్టలేదు.

మరుసటి సాయంత్రం చివర్లో నేత్రావతి వచ్చింది. మేమిద్దరమే ఉన్నాం.

"అక్కా, ఆ పొద్దు నువ్వు నీళ్ళు కలపలేదు. పాలు వెచ్చగా ఉండె, నేనే తప్పు చూసినాను. మరుసటి రోజే తెలిసిపాయ నాకు" అన్నాను.

ఆమె క్యాను మూత బిగించింది. ఏడెనిమిది నెలల తర్వాత ఆమె గొంతు విన్నాను.

"అన్నప్పుడు ముప్పై మంది ఉండిరి గదా. ఇంగ ఇప్పుడు ఎవరుండారు?" అంది, వెళ్ళిపోయింది.

పొద్దున్నే వరస నిండింది. నేత్రావతి రాలేదు. లేచి నిలబడ్డాను. చెప్పాను. తెలుగులో, గట్టిగా, మొత్తం. మరుసటి రోజే తెలిసిందని కూడా చెప్పాను. వెనకనుంచి ఎవరో "అయితే నా పాలు గూడా మళ్ళా చూడు" అన్నారు. నేను భయపడిన మాట అదే.

ముందు నిలబడ్డ ఓబలప్ప మామ నన్ను ఒకసారి చూసి, క్యాను బల్ల మీద పెట్టాడు.

"అప్పుడే చెప్పింటే బాగుండు. పాలు వెచ్చగా ఉండాయి, ఆరినాకే చూడమ్మా" అన్నాడు. "మేం నిలబడతాం."