డెబ్బై రెండు ఫైళ్లు, ఒక పసుపు పట్టీ

శనివారం పొద్దున స్టవ్ తుడుస్తుంటే మేనేజర్ ఫోన్ చేశాడు. ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. సోమవారం డైరెక్టర్లు వస్తున్నారట. ప్రెజెంటేషన్ ఏది తెరిచినా పైన ఒక పసుపు పట్టీ వచ్చి, ఇందులో మాక్రోలున్నాయి జాగ్రత్త అని హెచ్చరిస్తోందట. వాళ్ల ముందు అలా వస్తే ఆఫీసు పరువేం కావాలి? కాస్త అవి తీసేసి పెట్టమ్మా, మొత్తం డెబ్బై రెండు ఫైళ్లే, నీకు అలవాటే కదా అన్నాడు. నాకు అలవాటైన పనులన్నీ ఇలాగే నెత్తిన పడ్డాయి. సరే సర్ అన్నాను. నోరు ముందు సరే అనేస్తుంది, బుర్ర తర్వాత తీరిగ్గా వస్తుంది. ఇన్నేళ్ల సాధన మరి.

మాక్రో అంటే పెద్ద విద్యేం కాదు. రోజూ చేసే పనిని ఒకసారి రాసిపెడితే, ఆపైన బటన్ నొక్కగానే దానంతటదే జరిగిపోతుంది. ఆరేళ్ల కిందట మా విభాగంలో నెలాఖరు వచ్చిందంటే ముగ్గురం నాలుగు రోజులు కూర్చుని అంకెలు ఏరి, స్లయిడ్లలో ఒక్కొక్కటే అతికించేవాళ్లం. ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు, పాప నిద్రపోయే కాసేపట్లో పుస్తకం, లాప్‌టాప్ ముందేసుకుని మాక్రోలు రాయడం నేర్చుకున్నాను. నాలుగు రోజుల పని నలభై నిమిషాలైంది. ఇంటి పనికీ అలాంటి బటన్ ఒకటుంటే ఎంత బాగుండు అనుకున్నాను గానీ, ఆ బటన్ నేనేనని తర్వాత అర్థమైంది.

అప్పట్లో అత్తగారు, పసిపిల్ల తల్లివి, ఆ టకటకలేమిటమ్మా అనేవారు. సెలవిచ్చింది పని చేయడానికా అని మా ఆయన నవ్వేవాడు. వంట, బట్టలు, పాప, వాళ్లమ్మ మందులు, ఇవేవీ ఆయన దృష్టిలో పని కాదు కాబట్టి ఆ నవ్వులో తప్పేమీ ఆయనకి కనిపించలేదు. మేనేజర్ మాత్రం మెచ్చుకున్నాడు, తన గదిలో, తలుపు వేసి. పైవాళ్లకి చెబుతాలే అన్నాడు. టీమ్ లీడర్ పోస్టు ఖాళీ అయితే మొదట నీ పేరే అన్నాడు.

మొన్న ఖాళీ అయింది. బయటి నుంచి ఒకతన్ని తెచ్చి కూర్చోబెట్టారు. నన్ను కనీసం అడగలేదేమని వెళ్లి అడిగితే, "ఇల్లూ పిల్లా ఉన్నదానివి, నీ మీద ఒత్తిడి పెట్టడం ఎందుకని మేమే ఆలోచించాం," అన్నాడు మేనేజర్, ఏదో ఉపకారం చేసినట్టు. థాంక్స్ చెప్పి వచ్చేశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది కాబట్టి పాత మాక్రోలు అక్కర్లేదని ఆ కొత్త లీడర్ కిందటి వారం అన్నీ చెరిపేశాడు. అయినా పట్టీ పోలేదు. నేను రాసిన దాంట్లోనే ఏదో లోపముందని మీటింగులో అందరి ముందూ అన్నాడట. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి మొదటి ఫైలు తెరవగానే నాకు సంగతి తెలిసిపోయింది. మాక్రో రాసుకునే పేజీని మాడ్యూల్ అంటారు. అతను పేజీలోని రాత చెరిపాడు గానీ పేజీని తీసేయలేదు. పేజీ కనిపిస్తే చాలు, అది ఖాళీదైనా సరే, మాక్రో ఉందనే కంప్యూటర్ అనుకుంటుంది. చేత్తో చేసినవాళ్లకి తప్ప తెలియని విషయమిది.

పన్నెండు ఫైళ్లు శుభ్రం చేశాను. మధ్యలో రెండుసార్లు టీ పెట్టాను, ఆడపడుచు భోజనానికి వస్తోందంటే కూరలు తరిగాను, మా ఆయన సాక్సు ఆయన కాళ్ల దగ్గరే ఉంటే చూపించాను. పదమూడో ఫైలుని ఆ లీడర్ మర్చిపోయినట్టున్నాడు, నా రాత అలాగే ఉంది. మొదటి వరుసలో నా పేరు, తేదీ, దాని కింద "పాప లేచింది, మిగతాది రేపు" అని నేను రాసుకున్న మాట. ఆ పాప ఇప్పుడు ఒకటో తరగతి. చూస్తూ అలా కూర్చుండిపోయాను. తర్వాత ఎందుకో ఫైలు వివరాలు తెరిచాను. తయారుచేసినవారు అన్న చోట నా పేరు ఉండాలి. కొత్త లీడర్ పేరుంది. మిగతావన్నీ తెరిచి చూశాను. డెబ్బై రెండింట్లోనూ అతని పేరే. నేను మొదటి ఫైలు చేసేనాటికి అతను ఆ ఆఫీసు గుమ్మం తొక్కలేదు.

ఇంకా అవలేదా అంటూ వచ్చిన మా ఆయనకి చూపించాను. "పేరుదేముంది, జీతమొస్తోందిగా. చేసి పడేయ్, గొడవ దేనికి," అన్నాడు. ఈ మనిషే, గేటు మీద తన పేరు రాయించినప్పుడు ఒక అక్షరం వంకరపోయిందని రెండుసార్లు మార్పించాడు. వంటింట్లోంచి అత్తగారు పిలిచారు. పనిలో ఉన్నానండీ, రాలేను అన్నాను.

శుభ్రం చేసిన పన్నెండింటినీ పంపకుండా ఆపేశాను. మెయిల్ తెరిచి, మేనేజర్‌తో పాటు డైరెక్టర్లకీ, కొత్త లీడర్‌కీ, మా విభాగం మొత్తానికీ రాశాను. ఈ ఫైళ్లు చేసింది నేను, పదమూడో దాంట్లో రుజువుంది. పసుపు పట్టీ రావడానికి కారణం ఇది, తీసే పద్ధతి ఇది, ఫైలుకి నిమిషం చాలు. వాటి మీద తన పేరు పెట్టుకున్నవారే ఆ పట్టీ తీసేసుకోవచ్చు. నా చేత తీయించాలంటే ముందు నా పేరు తిరిగి పెట్టాలి, ఆ పని ఆఫీసు వేళల్లో చేస్తాను. టీమ్ లీడర్ పోస్టుకి నన్నెందుకు పిలవలేదో సోమవారం మీరందరూ ఉండగా వినాలనుంది. పంపే ముందు మళ్లీ చదివి, "దయచేసి", "వీలైతే", "క్షమించాలి" ఉన్న చోటల్లా తీసేశాను. మెయిల్ సగమైంది. పంపేశాను.

పది నిమిషాల్లో మేనేజర్ ఫోన్ చేశాడు. కోపం కన్నా కంగారే ఎక్కువుంది గొంతులో. "ఇంతమందికి పెట్టడమేమిటమ్మా? ఏదైనా ఉంటే నాతో చెబితే సరిపోయేది కదా."

"ఆరేళ్లూ మీ ఒక్కరితోనే చెప్పాను సర్," అన్నాను.