ఎగిరింది ఒకటి, కూలింది ఒకటి

ఆదివారం భోజనాలయ్యాక మా వారు క్యాసెట్ పెట్టేవారు. అన్నీ ఒకే రకం పాత సినిమాలు. వేరే గ్రహం నుంచి ఎగిరే పళ్లెం ఊరి మీదికి వస్తుంది, సైన్యం విమానాలు దాన్ని తరుముతాయి. ఆయనకు కథతో పని లేదు. వైమానిక దళం షెడ్డులో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసిన మనిషి, విమానాలనే చూసేవారు. సినిమావాళ్ళు సైన్యం దగ్గర్నుంచి పాత ఫిల్ము ముక్కలు తెచ్చి అతికించేవారట. అందుకని నేల మీంచి లేచేది ఒక విమానమైతే కూలేది ఇంకొకటి.

"చూశావా వదినా, ఎగిరింది రెండింజన్లది, కూలింది ఒంటింజనుది," అని నవ్వేవారు.

"రెండోది దారిలో ఎక్కడ పెట్టి మర్చిపోయాడో పాపం," అనేది మా తోటికోడలు.

ఆవిణ్ణి నేను అక్కా అనే పిలుస్తాను, మాతోనే ఉంటుంది. ఆవిడ భర్త, మా బావగారు, పైలట్. ఆయన నడిపే విమానాన్ని తమ్ముడైన మా వారే చూసుకునేవారు. ఒక ఉదయం శిక్షణకు వెళ్ళిన ఆ విమానం తిరిగి రాలేదు. ఇంజను ఆగి సముద్రంలో పడిందనీ, క్షణంలో అయిపోయిందనీ మా వారు అక్కతో చెప్పారు. నిజానికి గాల్లోనే మంటలంటుకున్నాయి. పక్క విమానంలోంచి ఎవరో ఫిల్ము తీశారు కూడా. ఆ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

ఆ ఆదివారం కొత్త క్యాసెట్. తెర మీద మూడు విమానాలు లేచాయి. మూడో దాని తోక మీద నల్లటి అతుకు. మా వారి చేతిలో మంచినీళ్ళ గ్లాసు అలాగే ఆగిపోయింది.

పళ్లెంలోంచి వెలుగు దూసుకొచ్చింది. విమానం అంటుకుంది, ఒక రెక్క విడిపోయింది. ఆ వెంటనే తెర మీద ఎవరో అధికారి టెలిఫోన్లో మాట్లాడుతున్నాడు.

"వెనక్కి తిప్పు మరిదీ," అంది అక్క.

"ఎందుకు వదినా, చెత్త సినిమా."

"తిప్పమన్నానా."

తిప్పారు. అక్క కుర్చీ తెరకు దగ్గరగా లాక్కుంది.

"ఆ అతుకు నువ్వు వేసిందే. నల్లరంగు తప్ప దొరకలేదటగా. 'పెళ్ళికొడుక్కి అతుకుల చొక్కా తొడిగాడు మా తమ్ముడు' అని, ఇంటికొచ్చి మీ అన్నయ్య ఒకటే నవ్వు."

"లేచింది అదే. కూలింది మాత్రం వేరేది వదినా. వీళ్ళ వేషాలు నీకు తెలియనివా?"

"ఎలా చూడాలో ఇన్నేళ్ళుగా నువ్వే నేర్పావు. మంటల్లో కూడా అతుకు కనిపిస్తోంది."

నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"రెక్క ఊడాక కిందపడటానికి ఎంతసేపు పట్టింది? ఇందులో కత్తిరించేశారు."

ఆయన తల వంచుకున్నారు. "నిమిషం పైనే."

"అంతసేపూ స్పృహలోనే ఉన్నారా?"

"రేడియోలో మాట్లాడుతూనే ఉన్నాడు వదినా."

"ఏమన్నారు?"

మా వారు టీవీ కట్టేసి, వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. నేను మెల్లగా లోపలికి వెళ్ళబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నీకూ తెలిసిందేగా," అంది. "కూర్చో."