ఏడో ప్రశ్నకి జవాబు

బుధవారం సాయంత్రం మా చెల్లెలి కూతురు నన్ను ‘మీరు’ అంది. పద్నాలుగేళ్లుగా నా ఇంట్లో, నా పక్క మంచం మీద పడుకుని పెరిగిన పిల్ల. పెద్దమ్మా నా దువ్వెన ఏం చేశావ్, పెద్దమ్మా నీకు చెవుడొచ్చిందా, ఇదీ దాని వరస. ఆ రోజు చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి, “మీరు కాసేపు కూర్చుంటారా? మీతో మాట్లాడాలి,” అంది.

ఏదో పోయిందని అప్పుడే తెలిసింది. ఏం పోయిందో తెలియడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది.

జరిగింది మొదటి నుంచి చెబుతాను.

నేను బడిలో సామాన్యశాస్త్రం చెబుతాను. మా చెల్లి నాకంటే ఆరేళ్లు చిన్నది. కూతురికి తొమ్మిదేళ్లు ఉన్నప్పుడు ఆసుపత్రిలో పోయింది. చివరి పదకొండు రోజులూ నేను దాని మంచం పక్కనే ఉన్నాను. పిల్ల గది బయట, వరండాలో బల్ల మీద కూర్చునేది. కాళ్లు నేలకి అందేవి కావు. లోపలికి వస్తానని అడిగినప్పుడల్లా, “పిల్లల్ని రానివ్వరమ్మా, డాక్టరుగారి రూలు,” అని చెప్పేదాన్ని. అలాంటి రూలేదీ లేదు.

“దాన్ని తీసుకురాకు అక్కా,” అని మా చెల్లే అంది. ఎందుకే అని అడిగాను. గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత, “దాన్ని చూస్తే నాకు పోబుద్ధి కాదు. పోక తప్పదు కదా,” అంది. ఆ తర్వాత మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు.

పిల్లకి అర్థమయ్యే వయసు వచ్చాక చెబుదామనుకున్నాను. పన్నెండేళ్లప్పుడు మరీ చిన్నదనిపించింది. పదహారేళ్లప్పుడు పరీక్షలన్నాను. ఆ తర్వాత అది ఆ రూలుకి అలవాటుపడిపోయింది, నేనూ అలవాటుపడిపోయాను.

చెప్పలేనిదాన్ని రాయడం మొదలుపెట్టాను. పిల్లల ప్రయోగాల రికార్డు పుస్తకాల్లో ఏటా చివర మిగిలిపోయే కాగితాలు చించి దాచుకుని, వాటి మీద ఆరేళ్లు రాశాను. ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ, నాలుగు వందల పేజీలు. అందులో చెల్లెలు పోయే ముందు అక్క ఆమె కూతుర్ని గదిలోకి తీసుకెళ్తుంది. తల్లి ఆ పిల్ల జడ విప్పి, ఓపిక లేకపోయినా మళ్లీ అల్లుతుంది. అంతే ఆ అధ్యాయం.

నవలంతా టైపు చేసిపెట్టింది మా పిల్లే. పళ్ల డాక్టరు దగ్గర సహాయకురాలిగా పనిచేస్తుంది. “పొద్దుటినుంచీ అందర్నీ నోరు తెరవండి, నోరు తెరవండి అని చంపుకుతిని, ఇంటికొస్తే నీ చేతిరాత విప్పలేక చస్తున్నాను,” అని తిడుతూనే రోజుకి ఐదు పేజీలు కొట్టేది. ఆ అధ్యాయం దగ్గర మాత్రం రెండు రోజులు ఆగిపోయింది.

“ఇలా జరిగుంటే ఎంత బాగుండేది పెద్దమ్మా,” అంది. మళ్లీ తనే తేరుకుని, “ఆ రూలు పెట్టిన డాక్టరు మా క్లినిక్కి రావాలి గానీ, మత్తు ఇవ్వకుండా పన్ను పీకించేస్తాను,” అంది.

నేను నవ్వాను. అప్పుడు నవ్వకుండా నోరు తెరిచి ఉంటే సరిపోయేది.

నవల పూర్తయ్యాక దాన్నేం చెయ్యాలన్నది ప్రశ్న. ముగ్గురు ప్రచురణకర్తలకి పంపాం. ఇద్దరు ఏడాదైనా ఉలకలేదు, పలకలేదు. మూడోవారు వేసిన పిన్ను వేసినట్టే తిప్పి పంపారు. మా స్టాఫ్‌రూములో అందరికీ ఈ సంగతి తెలుసు.

“సొంతంగా అచ్చేయించుకోండి టీచర్‌గారూ, నాలాగా. ఎవరి గుమ్మమూ ఎక్కక్కర్లేదు,” అన్నారు లెక్కల మాస్టారు. ఆయన పుస్తకాల కట్టలు మా బడి మెట్ల కింద ఉంటాయి. ఎవరు రిటైరైనా ఒక కాపీ తప్పదు.

“మీ కట్టలేమైనా తగ్గాయా మాస్టారూ?” అని అడిగారు డ్రిల్లు మాస్టారు.

“తగ్గుతున్నాయి. ఎందుకు తగ్గవు?”

“చెదలు చదువుతున్నట్టున్నాయి.”

మా పిల్ల దారి వేరు. నాకు ఏజెంటు కావాలని తేల్చింది.

“ఏజెంటంటే నాకు బీమా ఆయనొక్కడే తెలుసే,” అన్నాను.

“ఆయన నువ్వు పోయాక పనికొస్తాడు. ఈయన నువ్వుండగా పనికొస్తాడు. నీ నవల చదివి, ఏ ప్రచురణకర్తకి ఏది నచ్చుతుందో తెలిసి, వాళ్ల దగ్గర నీ తరఫున మాట్లాడతాడు. పుస్తకం అమ్ముడుపోతే అందులో తన వాటా తీసుకుంటాడు. చదవడానికే ముందు డబ్బివ్వమన్నవాణ్ని మాత్రం నమ్మకూడదట.”

నలుగురి పేర్లు సంపాదించింది. ఒక్కొక్కరి గురించి వాళ్ల దగ్గరున్న రచయితలకే ఫోన్ చేసి అడిగింది. ఫోన్ ఎత్తుతాడా? మాట మీద ఉంటాడా? కుదరకపోతే కుదరదని చెబుతాడా? నా కోసం సంబంధం చూస్తున్నట్టే చూసింది. చివరికి ఒకాయన మిగిలాడు. “పెద్దమ్మా, ఈయన మీద ఒక్కళ్లూ చెడ్డ మాట చెప్పలేదు,” అని సంబరపడింది. ఆ మాట అబద్ధం కాదు. ఇప్పటికీ ఆయన మీద చెడ్డ మాట చెప్పడం నాకు సులువుగా లేదు.

ఆయన ఆఫీసు కళ్లజోళ్ల దుకాణం పైన మూడో అంతస్తు. ఒకటే గది, గోడ పొడవునా బీరువాలు. నేను వెళ్లేసరికి నా నవల ఆయన బల్ల మీద ఉంది, మూలలు నలిగి. చదివిన పుస్తకం ఎలా ఉంటుందో టీచరుకి తెలుస్తుంది. పాత్రల గురించి నాకు తెలియనివి చెప్పారు. ఆ తర్వాత ఆసుపత్రి అధ్యాయం తీసి నా వైపు తిప్పారు.

“ఇక్కడ ఒక్కచోట మీరు అబద్ధం రాశారు. కదండీ?”

నాలుగు వందల పేజీల్లో సరిగ్గా ఆ ఆరు పేజీలు పట్టుకున్న మనిషి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం వల్ల కాదు. పద్నాలుగేళ్ల తర్వాత ఒకరు అడిగినందుకు.

“ఇప్పుడేం చెప్పనక్కర్లేదు. ఇది ఇంటికి తీసుకెళ్లి నింపండి,” అని ఒక ఫారం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు. ఏడో ప్రశ్న: ‘ఈ నవలలో మీరు రాయకుండా వదిలేసిన నిజం ఏమిటి?’ అట్టడుగున చిన్న అక్షరాల్లో, ‘ఈ జవాబులు మా ఆఫీసు వాడకానికి మాత్రమే’ అని ఉంది.

ఏ పరీక్షకైనా ముందు రోజు నేను పిల్లలకి ఒకటే చెబుతాను. ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు, తెలిసినంత రాయండి, నిజం రాయండి. ఇరవై ఆరేళ్లుగా చెబుతున్న మాట నా చేతికి పట్టేసింది. ఏడో ప్రశ్న కింద పన్నెండు లైన్లు రాశాను. చెల్లి అన్న మొదటి మాట, రెండో మాట, నా రూలు, వరండా, అన్నీ. మెయిలు అడ్రసు దగ్గర కూడా ఖాళీ వదల్లేదు. నాకు మెయిలు లేదు కాబట్టి మా పిల్లది రాశాను. కవరు అంటించి, దానికి చూపించకుండా నేనే వెళ్లి ఇచ్చి వచ్చాను.

ఐదు వారాల తర్వాత ఆ బుధవారం.

నేను కూర్చున్నాను. అది కూర్చోలేదు. ఫోన్ తీసి, క్లినిక్‌లో పేషెంట్ల పేర్లు పిలిచే గొంతుతో చదివింది.

“‘కన్నకూతుర్ని చివరిసారి చూడటానికి ఒప్పుకోని తల్లి. ఆ రహస్యాన్ని పద్నాలుగేళ్లు దాచిన అక్క. రచయిత్రి సొంత ఇంట్లో జరిగిన నిజం ఇది.’ మీ ఏజెంటు ఇది ఏడుగురు ప్రచురణకర్తలకి పంపారట. మీరు సంతోషిస్తారని మీకూ ఒక కాపీ పంపారు, నా మెయిలుకి. ఇది నిజమేనా?”

“నిజమే. కానీ అంతే కాదు...”

“డాక్టరు రూలు?”

“లేదు.”

“ఎప్పుడూ లేదా?”

“లేదు.”

అది ఫోన్ సంచిలో పెట్టుకుంది. “పుస్తకంలో మాత్రం నన్ను లోపలికి పంపారు. ఆ పేజీలు నా చేతే టైపు చేయించారు. నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని చూశారు.”

“అమ్మ ఎందుకలా అందో చెబుతాను. విను.”

“వద్దు. మీరు బాగా రాస్తారు. ఇప్పుడు మీరేం చెప్పినా బాగానే ఉంటుంది.”

నాలుగు జతల బట్టలు సర్దుకుని క్లినిక్‌లో తోటి అమ్మాయి గదికి వెళ్లిపోయింది. నేను ఆపలేదు. ఆపే హక్కు ఏదో వెతుక్కున్నాను, దొరకలేదు.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి ఆ మూడో అంతస్తు ఎక్కాను. ఏజెంటు లేచి నిలబడ్డారు.

“మీకే ఫోన్ చేయబోతున్నానమ్మా. ఇద్దరు అడుగుతున్నారు, ఇద్దరూ పెద్దవాళ్లే!”

“నేను పన్నెండు లైన్లు రాశాను. మీరు అందులో రెండే తీసుకున్నారు.”

“పన్నెండు లైన్లు ఎవరు చదువుతారండీ? రెండు చదివితే గొప్ప.”

“ఆఫీసు వాడకానికి మాత్రమే అని ఉంది.”

“నా ఆఫీసులో జరిగే పని ఇదే కదమ్మా,” అన్నారు. ఆయన ముఖంలో ఎగతాళి లేదు. నిజంగానే అర్థం కాలేదు.

“నవల బాగుందన్నారు. ఆ మాటే రాసి పంపితే పోయేది కదా?”

ఆయన లేచి ఒక బీరువా తలుపు తీశారు. కాగితాల దొంతరలు పైదాకా ఉన్నాయి. “ఇవన్నీ బాగున్న నవలలే. కొన్ని మీ దానికంటే బాగున్నాయి. నాలుగేళ్లుగా ఒక్కదాన్నీ ఈ గుమ్మం దాటించలేకపోయాను. మీది దాటించాను. మీ కోసం కొట్లాడానమ్మా.”

“ఆ ఉత్తరం నా బిడ్డ చదివింది.”

ఆయన తలుపు మూశారు. “మీరు ఇచ్చిన అడ్రసు మీది కాదని నాకెలా తెలుస్తుంది?” అన్నారు మెల్లగా. అది న్యాయమైన మాట. అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది.

వెనక్కి తీసుకోండని అడిగాను. చదివినవాళ్ల బుర్రల్లోంచి ఎలా తీస్తామన్నారు. ఆ ఇద్దరిలో ఒకరి ఒప్పందం కాగితాలు నా ముందు పెట్టి, వాళ్లు ఒక్కటే మార్పు అడుగుతున్నారని చెప్పారు. ఆసుపత్రి అధ్యాయం తీసేసి, జరిగింది జరిగినట్టు రాయాలి. పిల్ల వరండాలోనే ఉండిపోవాలి.

నా పుస్తకాన్ని నాకంటే బాగా చదివిన మనిషి ఆయనే. ఎక్కడ కొయ్యాలో అలా తెలుసుకున్నారు. నేనే వేలు పెట్టి చూపించాను.

నా ఫారం అడిగితే అభ్యంతరం లేకుండా ఇచ్చేశారు. కాపీ ఉందట.

శనివారం ఆ ఫారం పట్టుకుని క్లినిక్కి వెళ్లాను. మా పిల్ల తెల్లకోటులో బల్ల వెనక ఉంది. నన్ను చూసి, రిజిస్టరులోకి తల వంచి, “అపాయింట్‌మెంట్ ఉందా అండీ?” అంది. పళ్లనొప్పి వాళ్ల మధ్య గంటసేపు కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన బుగ్గ పట్టుకుని, “మీదీ పై పన్నేనా?” అని పలకరించాడు. కాదన్నాను.

విరామంలో అది బయటికొచ్చింది. ఫారం చాపాను. “నేను రాసింది పన్నెండు లైన్లు. ఆయన వదిలేసింది చదువు. దానికోసమే తెచ్చాను.”

అది చేతిలోకి తీసుకుంది. మడత విప్పలేదు. “ఇది కూడా మీరు రాసిందే కదా,” అని తిరిగి ఇచ్చేసింది.

“ఆ ఏజెంటు మీద నీకు కోపం రాలేదా?”

“ఆయన నాకేమవుతాడని?”

ఫారం సంచిలో పెట్టుకున్నాను. ఈసారి అదే అడిగింది. “నేను బయట బల్ల మీద కూర్చున్నానని అమ్మకి తెలుసా?”

“తెలుసు.”

“రోజూ?”

“రోజూ.”

“ఒక్కరోజు, ఆవిడని అడక్కుండా, మీరే నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఉంటే?”

“తెలియదు,” అన్నాను. అది నిజం. ఆ ప్రశ్న నాకు పద్నాలుగేళ్లుగా తెలుసు, జవాబు మాత్రం తెలియదు. లోపల్నుంచి ఎవరో పిలిచారు. అది కోటు గుండీ పెట్టుకుంటూ వెళ్లిపోయింది.

సోమవారం స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు పక్కకి పిలిచి, కొంచెం సిగ్గుపడుతూ, “నా రెండో పుస్తకానికి నేనూ ఒక ఏజెంటుని చూసుకోవచ్చంటారా?” అని అడిగారు.

“చూసుకోండి మాస్టారూ,” అన్నాను. “బాగా చదివేవాళ్లే ఉన్నారు.”

ఆయన సంతోషించారు. నేను ఏడో తరగతికి వెళ్లిపోయాను.

ఒప్పందానికి నెలాఖరు దాకా గడువుంది. సంతకం పెట్టలేదు. వద్దని ఉత్తరమూ రాయలేదు. రెండుసార్లు మొదలుపెట్టాను. పుస్తకం అచ్చులో చూడాలన్న ఆశ ఇంకా చావలేదు, అది దాచుకోను. ఆసుపత్రి అధ్యాయం అలాగే ఉంది. మా చెల్లి దాన్ని ఎందుకు తీసుకురావద్దందో మా పిల్లకి ఇంకా చెప్పలేదు.