మా ఆయనకేం, వద్దులెండి

కొత్త అంటుజబ్బుకి టీకాలు కొన్నే వచ్చాయి. ముందు ఎవరికి వెయ్యాలో జనమే తేల్చుకోవాలని మునిసిపాలిటీ వాళ్ళు చేతులు దులుపుకున్నారు. దాన్ని ప్రజాస్వామ్యం అన్నారు. అలా ఆ నార్వే దీవిలో కదలగలిగినవాళ్ళంతా ఆదివారం మధ్యాహ్నం ఊరి హాల్లో కాఫీలు, వాఫిల్ అట్లు ముందు పెట్టుకుని కూర్చున్నారు.

సిగ్రున్‌కి కావలసింది ఒక్కటే టీకా, తన మొగుడు హాల్వర్‌కి. ఊపిరితిత్తులు పాడైన మనిషి. పోయిన చలికాలం మామూలు జ్వరానికే పడవ మీద ఆసుపత్రికి మోసుకెళ్ళారు. ఈసారి ఈ జబ్బు గనక తగిలితే మనిషి దక్కడు. ఆ భయంతో ఆమెకు ఎన్నాళ్ళుగానో కంటి మీద కునుకు లేదు.

కానీ తన ఇంటివాళ్ళ కోసం తానే నోరు తెరిచి అడగడమంటే అక్కడ తలవంపులు. పళ్ళెంలో మిగిలిన ఆఖరి వాఫిల్‌ని ఎవరూ ముట్టుకోక ఎండబెట్టే జనం మరి. అందుకని ఆమె ఓ ఎత్తు వేసింది. పక్కింటి ఆస్తా తల్లి పేరు తను చెబుతుంది. మర్యాదకైనా ఆస్తా హాల్వర్ పేరు చెప్పకపోదు.

సిగ్రున్ ఆ పేరు చెప్పింది. ఆస్తా మొహం ఎర్రబడింది.

"మా అమ్మకెందుకు సిగ్రున్, తొంభై ఏళ్ళు బతికింది చాలదూ? ఇంకెవరికైనా ఇవ్వండి."

అందరూ మెచ్చుకోలుగా తలూపారు. ఇక పోటీ మొదలైంది. చక్కెర జబ్బున్న పడవ సరంగు తనకొద్దన్నాడు. నెలలు నిండిన టీచరమ్మ వద్దంది. ఇంత త్యాగం ఒక్కచోట చూసేసరికి సిగ్రున్ తన కాఫీ కప్పు పక్కకి నెట్టేసింది.

అప్పుడు డాక్టర్ ఔదున్ ఆమె వైపు తిరిగాడు.

"మరి హాల్వర్ సంగతేంటమ్మా? నన్నడిగితే మొదటిది అతనికే వెయ్యాలి."

హాలంతా ఆమెనే చూస్తోంది. ఊఁ అంటే చాలు.

"అబ్బే, మా ఆయనకేం డాక్టరుగారూ, గుండ్రాయిలా ఉన్నాడు. అంతకన్నా అవసరమైనవాళ్ళు లేరా ఏంటి?"

ఆ మాటన్నది తన నోరేనంటే ఆమెకే కాసేపు నమ్మకం కలగలేదు.

టీకాలన్నీ పక్క దీవికి పంపాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అక్కడివాళ్ళు సిగ్గూ ఎగ్గూ లేకుండా మాక్కావాలంటే మాక్కావాలని అడిగారట. సిగ్రున్ వాళ్ళ దీవి దేశానికే ఆదర్శమని మునిసిపాలిటీ మనిషి పొగిడాడు.

ఇంటికొచ్చేసరికి హాల్వర్ కిటికీ దగ్గర ఆయాసపడుతూ కూర్చున్నాడు.

"నా పేరెవరూ ఎత్తలేదా?"

"ఎత్తారు. డాక్టరే ఎత్తాడు."

"మరి?"

"నేనే వద్దన్నాను," అని ఆమె కోటైనా విప్పకుండా నిలబడి ఏడ్చింది.

హాల్వర్ లేచి వచ్చి ఆమె కోటు గుండీలు విప్పాడు.

"ఇంకేం చేస్తావులే," అన్నాడు. "నేనున్నా అదే అనేవాణ్ణి."

ఆపైన గొంతు తగ్గించి అడిగాడు:

"రెండోసారి అడగలేదా వాళ్ళు?"