అరువు చప్పుడు

“ముందొకసారి తలుపేసుకుని మనం చూసుకుందాం ఇందాయ్. తర్వాతే లైవ్ పెట్టు. లోపల ఏదన్నా తేడా ఉంటే, అంతమంది చూస్తుండగా ఏం చేస్తావే?”

ఫెలిసా ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి. కూతురు జోవెలిన్ ఫోనును స్టాండుకి బిగిస్తూ వెనక్కి తిరగనైనా లేదు. ఆ ఊళ్లో అమ్మాయిని ఇందాయ్ అని, అమ్మని నానాయ్ అని పిలుస్తారు.

“నీకు వాన పడకపోతే కరువు, పడితే వరద. కడుపుతో ఉన్న మనిషి మెట్లెక్కి వస్తుంటే ఎదురుగా ఇవేనా మాటలు నానాయ్?”

“నోరు మంచిదైతే ఊరు మంచిదని నాకూ తెలుసు. కానీ ఎప్పుడూ ముందు చూసుకునేదానివి కదా, ఇవాళే ఎందుకు మానడం?”

“మారివిక్ మొగుడి ఓడకి సిగ్నల్ ఉండేది ఇరవై నిమిషాలు. సింగపూర్ దాటిందంటే మళ్లీ పన్నెండు రోజులు నీళ్లే. మనం తీరిగ్గా చూసుకునేలోపు ఆయన వెళ్లిపోతాడు. బిడ్డని వేలమంది చూస్తే ఏంటి, తండ్రి చూడకపోతే?”

ఫెలిసా మంచం మీద దుప్పటి సరిచేసింది. 

ఎస్తాన్సియా అనే చేపల ఊళ్లో, రేవు వీధిలో రొట్టెల దుకాణం మీదున్న ఒక్క గదే వాళ్ల స్కానింగ్ కేంద్రం. బయట బోర్డు మీద ‘తొలి చూపు’ అని రాయించింది జోవెలిన్. కడుపులో బిడ్డ ముఖాన్ని బంగారు రంగులో, ముక్కూ పెదవులూ తెలిసేలా చూపించే యంత్రం ఉంది అక్కడ. మొదటి రెండేళ్లు దీవుల నుంచి పడవలేసుకుని వచ్చారు ఆడవాళ్లు. తర్వాత నగరంలో పెద్ద దుకాణాల భవనంలో సోఫాలూ గోడంత తెరా పెట్టి ఇంకొకరు తెరిచారు. చల్లగాలి ఉన్నచోటు వదిలి ఎండుచేపల వాసనలోకి ఎవరొస్తారు? వారానికి ఒక్కరు రావడమే గగనమైపోయింది.

అప్పుడు పట్టుకుంది జోవెలిన్ ఈ లైవ్‌ని. ప్రతి ఆదివారం ఒకరికి ఉచితంగా తీసి, వాళ్లు ఒప్పుకుంటే ఫోన్‌లో అందరికీ చూపిస్తుంది. ఓడల మీదుండే తండ్రులు, దుబాయ్‌లో ఇళ్లల్లో పనిచేసే పిన్నులు, హాంకాంగ్‌లో ఉన్న అమ్మమ్మలు, అందరూ చూస్తారు. వాళ్లు చెబితే ఇక్కడున్న వాళ్ల ఆడవాళ్లు వస్తారు. ఆ లెక్కన గది తలుపు ఇంకా తెరిచే ఉంది.

ఫెలిసాకి ఆ లైవ్ అంటేనే దడ. అన్ని కళ్లు ఒక్క పొట్ట మీద పడితే దిష్టి తగలదా? చూసినవాళ్లందరూ కింద ‘పువేర ఉసోగ్’ అని రాసేవాళ్లు, దిష్టి తగలకూడదని. రాస్తే ఏం లాభం? దిష్టి పోవాలంటే చూసినవాళ్లే వేలికి ఉమ్మి తడి చేసుకుని పొట్ట మీద రాయాలి. హాంకాంగ్ నుంచి ఉమ్మి ఎలా వస్తుంది?

ఇంకోటి కూడా ఆమెకి నచ్చేది కాదు. ఉప్పుగాలికి యంత్రం స్పీకరు పాడైపోయింది. గుండె చప్పుడు వినబడటం లేదని జనం గొడవ పెడుతుంటే, జోవెలిన్ పాత రికార్డు ఒకటి వెతికి తీసింది. చేపలమ్మే రోసాల్వా కూతురు కడుపులో ఉన్నప్పటి చప్పుడు. ఆ పిల్ల ఇప్పుడు బడికెళుతోంది. తెరమీద గుండె కొట్టుకోవడం తన కళ్లతో చూశాక జోవెలిన్ తల ఊపుతుంది. వెంటనే ఫెలిసా చిన్న ఫోన్‌లో మీట నొక్కుతుంది. గదంతా గుర్రం పరిగెత్తినట్టు చప్పుడు.

“మోసం కదే ఇది?” అంది మొదట్లో.

“గుండె నిజంగానే కొట్టుకుంటోంది కదా నానాయ్. చప్పుడు ఒక్కటే అరువు.”

ఈ ఆదివారం వంతు మారివిక్‌ది. రొప్పుతూ వచ్చి కుర్చీలో కూలబడింది. ఏడో నెల నిండింది. పెళ్లయి తొమ్మిదేళ్లు, అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మొగుడు నెస్టర్ సరుకు ఓడలో ఇంజన్ గదిలో పని. ఇది నిలుస్తుందో లేదో తెలియని రెండో నెలలో ఓడెక్కాడు. పోయినసారి అతను సముద్రం మీద ఉండగా కడుపు పోయింది. ఆ మాట అతనికి నెల తర్వాత, ఏదో రేవులో తెలిసింది. ఈసారి బిడ్డని కళ్లారా చూస్తేగానీ నమ్మనని అతను, చూపిస్తేగానీ తిండి సయించదని ఆమె.

“చెరుకు రసం తాగొచ్చాను నానాయ్. తీపి తాగితే కదులుతుందన్నారు,” అంది మారివిక్. తర్వాత గొంతు తగ్గించింది. “నిన్నటి నుంచి సోమరి అయిపోయాడు. ఇవాళ పొద్దున కూడా తన్నలేదు. తండ్రి పోలిక కాబోలు, ఆయన్నీ ఆదివారం లేపలేం.”

నవ్వింది. ఫెలిసా నవ్వలేదు. లేచి కూతురి దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకుంది.

“ఇందాయ్, ఆ పిల్ల ఏమంటోందంటే...”

“నానాయ్, దండం పెడతాను. ఇవాళ ఒక్క రోజు నీ నోటికి తాళం వెయ్యి. ఏదున్నా ఇరవై నిమిషాల తర్వాత.”

అంతలో ఫోన్ మోగింది. తెరలో నెస్టర్ ముఖం ముక్కలు ముక్కలుగా కనబడి, అతుక్కుంది. వెనక ఇంజన్ గది పని బట్టల్లో నలుగురైదుగురు తోటివాళ్లు తలలు దూరుస్తున్నారు.

“మనాంగ్ మారివిక్, పడుకో అక్కా పడుకో, వచ్చేశాడు మీ ఆయన!” అంటూ జోవెలిన్ లైవ్ మొదలుపెట్టింది.

చెప్పాల్సిన మాట చెప్పకుండానే ఫెలిసా మూలనున్న కుర్చీలో కూర్చుంది. చెప్పి ఉంటే? ఆ ‘ఉంటే’ ఆమెని ఇక బతికినన్నాళ్లూ వదలదు.

“ఏయ్ ముసలీ, నన్ను చూసి కూడా నవ్వవేం?” ఓడలోంచి నెస్టర్ పెళ్లాన్ని ఆటపట్టించాడు.

“ముసలిదాన్ని చేసింది నువ్వే! మీసం తియ్యి ముందు, బిడ్డ జడుసుకుంటాడు.”

వెనక ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. జోవెలిన్ మారివిక్ పొట్ట మీద చల్లటి జెల్లు రాసి యంత్రం పిడి ఆనించింది. తెరమీద పొగ కదిలి, విడిపోయి, ముఖం తేలింది. చెంపకింద పిడికిలి పెట్టుకుని, కళ్లు మూసుకుని. పెదవి కొంచెం ముందుకొచ్చి, అలిగినట్టు.

“అమ్మో, నా పెదవే!” అన్నాడు నెస్టర్. 

ఫోన్ తెరమీద ఎర్ర గుండె బొమ్మలు పైకి ఎగురుతున్నాయి. చూసేవాళ్లు రెండువేలు, మూడువేలు. బంగారు బొమ్మ, పువేర ఉసోగ్, ఎంత బాగా నిద్రపోతున్నాడో. మాటల మీద మాటలు.

జోవెలిన్ మాట్లాడటం ఆపేసింది. ఎప్పుడూ ముక్కు చూడండి, వేళ్లు లెక్కపెట్టండి అని గలగలలాడే మనిషి, పిడిని పొట్ట మీద ఇటు జరిపింది, అటు జరిపింది. గట్టిగా నొక్కింది. తెరని తనవైపు కొంచెం తిప్పుకుంది. ఫ్యాను తిరుగుతున్నా మెడ మీద చెమట దిగుతోంది.

“చప్పుడేదీ?” అని రాశారెవరో. “గుండె చప్పుడు పెట్టండి.” ఇంకొకరు, ఇంకొకరు.

“జోవెలిన్, గుండె వినిపించవా?” నెస్టర్ అడిగాడు. “సిగ్నల్ పోతోంది. ఒక్కసారి.”

జోవెలిన్ తల ఊపలేదు.

మారివిక్ మెడ ఎత్తి చూస్తోంది. ఆమె నవ్వు సన్నగిల్లుతోంది, దీపంలో నూనె తగ్గినట్టు. ఆ నిశ్శబ్దాన్ని ఫెలిసా భరించలేకపోయింది. జన్మంతా కీడునే ముందు తలుచుకున్న మనిషి, ఆ ఒక్క క్షణం మంచిని బలవంతంగా పిలవబోయింది. చప్పుడు వస్తే గుండె కూడా వచ్చేస్తుందన్నట్టు, వేలితో మీట నొక్కింది.

గుర్రం పరిగెత్తింది.

మారివిక్ చేత్తో నోరు కప్పుకుని ఏడ్చింది. ఓడలో చప్పట్లు. నెస్టర్ టోపీ తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. “విన్నారా, విన్నారా, నా కొడుకు ఇంజన్ విన్నారా...” మాట మధ్యలోనే అతని ముఖం ముక్కలైంది, ఆగింది, నల్లబడింది. ఓడ వెళ్లిపోయింది.

జోవెలిన్ తల్లివైపు తిరిగింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదనిపించింది ఫెలిసాకి. ఉన్నది కోపం కాదు. జోవెలిన్ లైవ్ ఆపేసి, ఫోన్ తీసుకుని మెట్ల మీదకి వెళ్లింది. డాక్టరుతో మాట్లాడుతున్న గొంతు సన్నగా వినబడుతోంది. ‘వెంటనే’ అన్న మాట మాత్రం తెలిసింది.

మారివిక్ పొట్ట తుడుచుకుంటోంది. “ఎంత గట్టి గుండె నానాయ్! ఇక పన్నెండు రోజులు ఆయన కడుపునిండా తింటాడు.”

జోవెలిన్ లోపలికొచ్చి, ఫోన్ బల్ల మీద పెట్టి, మంచం పక్కన కూర్చుంది. “మనాంగ్, మనం ఆసుపత్రికి వెళ్లాలి. ఇప్పుడే. నేనూ వస్తాను.”

“ఎందుకు?”

“తెరమీద... గుండె దగ్గర నాకు కదలిక కనబడలేదు. డాక్టరు చూడాలి.”

“కదలిక ఏంటి? కొట్టుకుంటోందిగా. అందరం విన్నాంగా!” మారివిక్ నవ్వబోయింది. జోవెలిన్ ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకుంది. మారివిక్ ఆ చేతులు విడిపించుకుని మూలకి చూసింది.

“నువ్వు చెప్పు నానాయ్. నువ్వు కూడా విన్నావుగా?”

ఫెలిసా ఒళ్లో చిన్న ఫోన్ ఇంకా వెచ్చగానే ఉంది. బల్ల మీద పెద్ద ఫోన్ టింగు టింగుమంటోంది. వీడియో చేతులు మారుతోంది. ఈ ఏడాది ఏ వీడియోకీ రానంతమంది. కింద దుకాణంలో సాయంత్రపు రొట్టెల రేకులు బయటికి లాగుతున్న మోత. గోడ గడియారం. ఫ్యాను. మారివిక్ చెయ్యి పొట్ట మీదే ఉంది, ఆమె కళ్లు ఫెలిసా ముఖం మీంచి కదలడం లేదు.  అవునంటే చాలు, ఆసుపత్రి దాకానైనా ఆ పిల్లకి బిడ్డ ఉంటాడు. పన్నెండు రోజులు ఆ ఓడలో ఒక తండ్రి ఉంటాడు. అవునన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. రొట్టెల మోత ఆగింది. 

“నానాయ్?”

“విన్నాను తల్లీ,” అంది ఫెలిసా. “అది రోసాల్వా కూతురిది. నీ బిడ్డది మేమెవరమూ వినలేదు.”