కడుపు గురించిన ప్రార్థన

ఎనిమిదో గుడ్డు వలిచేసరికి హెప్సిబాకి ఏడుపొచ్చింది. పచ్చసొనలు ఇంటిల్లిపాది కూరలోకి, తెల్లసొనలు తనకి. పైన మూడు చెంచాల ప్రోటీన్ పొడి కలిపిన పాలు. అన్నం మెతుకు నోట్లో పడి నలభై రోజులైంది. కడుపు డోలులా ఉబ్బిపోయింది, తేన్పు వస్తే తన నోరు తనకే వాసన. దొడ్లోకి వెళ్ళాలంటే భయం. నాలుగు రోజులకోసారి, అదీ గోడ పట్టుకుని ఏడుస్తూ.

"రెండో కాన్పయి ఆరేళ్ళయింది, ఇంకా ఆ పొట్టేంటే? నలుగుర్లోకి తీసుకెళ్ళాలంటే సిగ్గేస్తోంది" అని జిమ్ములో చేర్పించింది మొగుడు శామ్యూల్ రాజ్. తినాల్సిన లిస్టు కూడా తనే రాసి ఫ్రిజ్ మీద అంటించాడు. నొప్పంటే, "ఒళ్ళు అలవాటుపడాలి. ఏదీ చివరిదాకా చెయ్యవు నువ్వు" అంటాడు. మహానుభావుడు, తన బొజ్జ బెల్టు మీద నుంచి జారుతున్నా అద్దంలో చూసుకోడు! వండేది హెప్సిబా, గిన్నెలు తోమేది హెప్సిబా, చిక్కాల్సిందీ హెప్సిబానే.

ఆ శుక్రవారం పొద్దున జిమ్ములో గుంజీలు తీస్తుంటే ఉగ్గబట్టుకున్న గ్యాస్ కాస్తా బయటికొచ్చేసింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. చచ్చిపోవాలనిపించింది. సిగ్గు చంపుకుని, ఫోన్లో ఉన్న లిస్టు ఫొటో ట్రైనర్ వాసుకి చూపించింది.

"ఎనిమిదేంటండీ? రెండు గుడ్లు, ఒక చెంచా పొడి, కప్పు అన్నం, కూరలు, పళ్ళు అని మీవారికి చెప్పానే! కడుపేమైపోవాలండీ?"

త్వరగా చిక్కుతుందని లెక్క పెంచేశాడన్నమాట. లిస్టులోంచి అన్నం కొట్టేశాడు. దారంతా ఆ మాటే ఆమెను తొలిచేసింది. నలభై రోజులు తన పేగుల్ని తనే తిట్టుకుంది!

పదకొండింటికి చర్చిలో స్త్రీల ఉపవాస ప్రార్థన. వారంలో కడుపుకి సెలవు దొరికేది ఆ ఒక్క పూటే. దానిక్కూడా, "నీళ్ళలాంటిదే, ఉపవాసం చెడదులే" అంటూ ప్రోటీన్ షేక్ బాటిల్ సంచిలో పెట్టాడు శామ్యూల్ రాజ్.

ప్రార్థనాంశాలు చెప్పమన్నారు పాస్టరమ్మగారు. ప్రతి వారంలాగే అత్తగారు సువార్తమ్మ లేచింది. "మా కోడలు ఒళ్ళు తగ్గాలనీ, మా అబ్బాయి మాట వినే మనసు దానికి రావాలనీ ప్రార్థించండమ్మా."

ముసుగులన్నీ వంగాయి. హెప్సిబా లేచి నిలబడింది.

"నాదీ ఒక అంశముందండీ. ట్రైనరు రెండు గుడ్లు చెబితే మా ఆయన ఎనిమిది చేశారు. నలభై రోజులుగా కడుపునొప్పితో చస్తున్నాను. నా ఒళ్ళు తగ్గాలని ఇన్ని శుక్రవారాలు అడిగారు. నా నొప్పి తగ్గాలని ఒక్కసారైనా అడగండి."

పాస్టరమ్మగారు కళ్ళు మూసుకుని ఆ ప్రార్థనే మొదలుపెట్టారు.

ప్రార్థనయ్యాక వరండాలో భోజనాలు. హెప్సిబా షేక్ తూములో పారబోసి, పళ్ళెంలో అన్నం పెట్టించుకుని, మజ్జిగ పోసుకుని కూర్చుంది. సువార్తమ్మ గాభరాగా పక్కకొచ్చింది.

"ఇదేంటే? అబ్బాయి అడిగితే ఏం చెప్పమంటావు?"

హెప్సిబా ముద్ద మింగింది.

"అన్నం తిన్నానని చెప్పండత్తయ్యా."