రెండు పట్టికల నడుమ

బీదరులో ఉస్మాన్‌గంజ్ వెనక సందులో శాంతరాజు అచ్చాపీసు ఉండేది. కన్నడ అక్షరాల పెట్టెల పక్కనే తెలుగు అక్షరాల పెట్టెలు కూడా ఉండేవి. వాటి ముందు నిలబడి అచ్చుకు అక్షరాలు కూర్చేవాడు దుర్గప్ప ఒక్కడే. సరిహద్దు పల్లెలకు పోవలసిన తెలుగు కాగితాలన్నీ అతని చేతి మీదుగానే పోయేవి.

ఆ ఏడు కరువు. ఎండలు ముదిరేసరికి బావులు అడుగంటాయి. మన్నాఏఖేళ్ళి చుట్టుపక్కల గత్తర, అంటే కలరా, మొదలైంది. సర్కారువాళ్ళు ఊరూరా నీళ్ళు పరీక్షించి, గోడలకు అంటించే కాగితం ఒకటి జల్దీగా అచ్చువేయమని శాంతరాజుకు అప్పగించారు. అందులో రెండు పట్టికలు. మొదటిదాంట్లో మంచి నీళ్ళున్న బావులు, రెండోదాంట్లో గత్తర నీళ్ళున్న బావులు. ఏ పట్టిక దేనిదో చెప్పే మాటలు రాతప్రతిలో పక్క అంచున రాసి ఉన్నాయి.

ఆ మాటలు ఎక్కడ పెట్టాలని దుర్గప్ప అడిగాడు. పైన మైసూరు రాష్ట్రం పేరు, పెద్దక్షరాల హెచ్చరిక పోగా జాగా లేదు కాబట్టి పట్టికల కింద పెట్టమన్నాడు శాంతరాజు. దుర్గప్ప అలాగే కూర్చాడు. మొదటి పట్టిక కింద ‘తాగదగిన నీళ్ళున్న బావులు’ అని లావు అక్షరాల్లో వచ్చింది. కాగితం అడుగుకు వచ్చేసరికి చోటు చాలలేదు. ‘తాగకూడని నీళ్ళున్న బావులు’ అన్న మాటను చిన్న అక్షరాల్లోకి దించి, సున్నం కలపడం గురించిన గమనికల వరసలో ఇరికించాడు. జీపు వాకిట్లో నిలబడి ఉంది. అక్షరదోషాలు చూసుకున్నాడు, ఊళ్ళ పేర్లు సరిచూసుకున్నాడు. కట్టలు వెళ్ళిపోయాయి.

మర్నాడు మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోతూ, సిరా మరక పడ్డ కాగితం ఒకటి వెంట తీసుకుపోయాడు. అతని భార్య శంకరమ్మది మన్నాఏఖేళ్ళి అవతలి పల్లె. పుట్టింటి ఊరి పేరు ఉందేమోనని ఆమె కాగితం మీద వేలుపెట్టి చదువుకుంటూ పోయింది.

“మా పెద్ద బావి నీళ్ళు మంచిగనే ఉన్నయట,” అంది తేలికపడ్డ గొంతుతో.

దుర్గప్ప ముద్ద కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. “ఏడ చూసినవ్?”

“గీడ. తాగదగిన నీళ్ళున్న బావులని రాసి, దాని కిందనే మా ఊరి పేరుంది.”

“ఆ మాట దానిది కాదు, మీదిదానిది. పెద్ద బావి తాగొద్దన్న దాంట్ల ఉంది.”

“మీదిదానిదైతే దీని నెత్తి మీదెందుకు పెట్టిన్రు?”

దుర్గప్ప కాగితం లాక్కుని చూశాడు. తను కూర్చినప్పుడు ప్రతి మాటా దాని పట్టికకే చెందినట్టు కనిపించింది. ఇప్పుడు ఎటు తిప్పి చూసినా, లావు అక్షరాల ఆ మాట విషపు బావులకు కట్టిన తోరణంలాగే ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నదాన్ని ఎవరూ అంతదాకా వచ్చి చదవరు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు.

శాంతరాజుకు సంగతి తెలియగానే ముఖం పాలిపోయింది. మంచివాడే, కానీ సర్కారు పని పోతే అచ్చాపీసు మూసుకోవలసిందేనని అతని భయం. కింద రాసే ఉంది కదా, తప్పు అనడానికి లేదన్నాడు. పని అప్పగించిన సర్కారు పెద్దసాబు గుల్బర్గా వెళ్ళాడు, రేపు వచ్చాక మెల్లగా చెబుదామన్నాడు. అందాకా నోరు మెదపవద్దన్నాడు.

“రేపటిదాంక ఎన్ని ఇండ్లల్లకు పోతయి ఆ నీళ్ళు?” అన్నాడు దుర్గప్ప.

కాగితాలు కోసే పెద్ద కత్తెర బల్ల మీద ఉంది. దుర్గప్ప అది తీసుకుని బయటికి నడిచాడు. అతను బస్టాండుకు చేరేసరికి శంకరమ్మ ముందే వచ్చి నిలబడి ఉంది.

ఇద్దరూ బస్సు ఎక్కి మన్నాఏఖేళ్ళి సంతలో దిగేసరికి, కాగితాలు అంటించే సర్కారు జవాను అబ్బయ్య గంజి డబ్బాతో కనిపించాడు. శంకరమ్మ ఆగకుండా తన ఊరి దారి పట్టింది. దుర్గప్ప అబ్బయ్యకు తప్పేమిటో చూపించాడు. అబ్బయ్య వినీ విననట్టు తల తిప్పుకున్నాడు. సర్కారు కాగితం చింపితే తన నౌకరీ పోతుందన్నాడు. ఎవరి హుకుం మీద చింపాలని అడిగాడు.

“నా మాట మీద. కూర్చింది నేను. ఎవరడిగినా నా పేరు చెప్పు.”

అబ్బయ్య కట్ట కింద పెట్టాడు. దుర్గప్ప కాగితాలను మొదటి మాటకు సరిగ్గా కిందుగా అడ్డంగా కోశాడు. పై ముక్కలో మంచి బావులు, వాటి మాట. కింది ముక్కలో చెడ్డ బావులు, వాటి మాట. ఆ చిన్న మాట చుట్టూ సంతలో దొరికిన గేరు ఎర్రమట్టితో లావుగా గీత గీశాడు. రెండు ముక్కలూ వేరు వేరు గోడలకు అంటించమన్నాడు. అప్పటికే అంటించినవాటిని ఇద్దరూ గీకి తీశారు. శంకరమ్మ ఊళ్ళో మాత్రం పొద్దున్నే అంటించేశానని అబ్బయ్య అప్పుడు చెప్పాడు.

దుర్గప్ప ఆ ఊరికి పరుగులాంటి నడకతో పోయాడు. పెద్ద బావి దగ్గర అరుపులు దూరానికే వినిపించాయి. శంకరమ్మ తన వదిన కాశీబాయి బిందెను ఒలకబోసింది. ఎండిన నేల ఆ నీళ్ళను నిమిషంలో పీల్చేసింది. ఆ కరువులో నీళ్ళు పారబోయడమంటే అన్నం పారబోసినట్టే. కాశీబాయి ఖాళీ బిందె చంకన పెట్టుకుని తిడుతోంది. సర్కారువాళ్ళే తాగుమన్నారని ఆడవాళ్ళంతా గోడ మీది కాగితం చూపిస్తున్నారు. బడి దగ్గరి బావి మంచిదంటే ఎవరూ నమ్మడం లేదు. చేద తాడును మాత్రం శంకరమ్మ వదలడం లేదు.

దుర్గప్ప గోడ దగ్గరికి పోయి, అందరూ చూస్తుండగా కాగితం చింపాడు. కింది ముక్క ఎత్తి పట్టుకున్నాడు.

“ఇది అచ్చుకు కూర్చింది నేనే. మాట పెట్టవలసిన కాడ పెట్టలే. గల్తీ నాది. ఈ బావి నీళ్ళు తాగొద్దు.”

అప్పుడు ఒకామె అడిగింది. “పొద్దుగాల తాగినోళ్ళ సంగతేంది?”

ఇళ్ళకు పోయి కుండలు ఒంపేయమని, వేరే బావి నీళ్ళుంటే మరిగించి తాగమని శంకరమ్మే గడప గడపకూ తిరిగి చెప్పింది. సాయంత్రానికల్లా ముగ్గురు మంచం పట్టారు. వాళ్ళను బీదరు దవాఖానాకు చేర్చారు. ఇద్దరు బతికారు. హనుమవ్వ అనే ముసలామె దక్కలేదు. ఆమెకు రోగం ఆ నీళ్ళతో వచ్చిందో, అంతకుముందే అంటిందో తేల్చి చెప్పలేమన్నాడు డాక్టరు.

పెద్దసాబు తిరిగి రాగానే దుర్గప్ప ఎదుట నిలబడి అంతా చెప్పాడు. శాంతరాజు పక్కనే ఉన్నాడు. మొదట తల వంచుకున్నాడు. తర్వాత, కింద పెట్టమన్నది తనేనని ఒప్పుకున్నాడు. సాబు ఇద్దరినీ చెడామడా తిట్టి, మళ్ళీ అచ్చువేయమన్నాడు. ఈసారి దుర్గప్ప ఒక్కో పట్టికను ఒక్కో కాగితంలో కూర్చాడు. ఏ పట్టిక మాటను ఆ పట్టిక నెత్తి మీదే పెట్టాడు.

హనుమవ్వ దినాల నాడు అతను ఆ ఊరికి వెళ్ళాడు. శంకరమ్మ వద్దన్నా ఆగలేదు. వాకిట్లో మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. అతన్ని చూసి ముసలామె కొడుకు లేచి వచ్చాడు. కాగితం కూర్చింది తనేనని దుర్గప్ప చెప్పబోయాడు.

“తెలుసు,” అన్నాడు కొడుకు.

కొడుకు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కొడతాడనుకున్నాడు దుర్గప్ప, కొట్టినా పడదామని చేతులు కిందికి వదిలేశాడు. కొడుకు మాత్రం అరుగు మీద పరిచిన గోనెపట్టా వైపు చెయ్యి చూపి లోపలికి వెళ్ళిపోయాడు. దుర్గప్ప ఆ పట్టా అంచున కూర్చున్నాడు. పక్కనున్నవాళ్ళు కొంచెం జరిగి చోటిచ్చారు. ఎవరూ పలకరించలేదు, పొమ్మని కూడా అనలేదు. పొద్దు వాలిందాకా అతను అక్కడే ఉన్నాడు.